టవర్ సంగతి ఆఖర్న: ఇంటి మీద హ్యామ్ యాంటెన్నా ఎలా ఎంచుకోవాలి?

లైసెన్సు చేతికొచ్చి, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) పడ్డాక కొత్త హ్యామ్‌లు, అంటే సరదా కోసం రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు, ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్ని అడుగుల టవర్ వేయించమంటారు?" అడిగేవాళ్ళ మనసులో మొబైల్ టవర్ బొమ్మ ఉంటుంది. రేడియో అంటే ఎత్తు, ఎత్తు అంటే టవర్, టవర్ అంటే బోలెడు ఖర్చు, ఇంట్లో గొడవ. ఈ లెక్క వేసుకునే కొందరు సెట్టు కొనకముందే వెనక్కి తగ్గుతారు.

అసలు అడగాల్సింది వేరు. మీరు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారు? ఊళ్ళోని మిత్రులతోనా, రెండు తెలుగు రాష్ట్రాల్లోని వాళ్ళతోనా, జపాన్, ఇటలీ వాళ్ళతోనా? జవాబును బట్టి బ్యాండు (వాడే ఫ్రీక్వెన్సీల పట్టీ) మారుతుంది. బ్యాండును బట్టి యాంటెన్నా పొడవు, దానికి కావలసిన ఎత్తు మారతాయి. టవర్ కావాలా వద్దా అనేది ఈ వరసలో చిట్టచివర తేలే సంగతి. చాలామందికి అక్కర్లేదనే తేలుతుంది.

ఎత్తు ఎక్కడ పనికొస్తుంది

ముందు వీహెచ్‌ఎఫ్, అంటే 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య, చూద్దాం. మన దేశంలో హ్యామ్‌లకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఇచ్చారు. చేతిలో పట్టుకునే చిన్న సెట్లు ఎక్కువగా పనిచేసేది ఇక్కడే. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేర సూటిగా పోతాయి కాబట్టి ఎత్తు విలువ వెంటనే తెలిసిపోతుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్ల ఎత్తుకు సుమారు 12 కిలోమీటర్లు, 36 మీటర్లకు సుమారు 25. అంటే ఎత్తు నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అయింది. సొంత డబ్బుతో పది అంతస్తుల ఎత్తు టవర్ వేసి ఈ లెక్కను గెలవడం కష్టం. అందుకే రిపీటర్లను (విన్న సిగ్నల్‌ను బలం పెంచి మళ్ళీ ప్రసారం చేసే స్టేషన్లను) గుట్టల మీదో, ఎత్తయిన భవనాల మీదో పెట్టి అందరూ పంచుకుంటారు. మీ ఊళ్ళో రిపీటర్ అందుతుంటే డాబా మీద ఒక గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా చాలు: అర మీటరు పొడవున్న ఒక నిలువు కడ్డీ, కింద వాలుగా నాలుగు కడ్డీలు, మధ్యలో ఒక కనెక్టరు. ఆదివారం సాయంత్రం పని.

హెచ్‌ఎఫ్‌లో, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య, కథ పూర్తిగా వేరు. ఇక్కడ సిగ్నల్ పైనున్న అయనోస్ఫియర్ అనే వాతావరణ పొరను తాకి కిందికి తిరిగి వస్తుంది. కాబట్టి యాంటెన్నా ఎత్తు తేల్చేది సిగ్నల్ ఏ కోణంలో పైకి లేస్తుందన్నది. అడ్డంగా కట్టిన డైపోల్ తీగ (మధ్యలో కేబులు తగిలించే రెండు సమాన చేతుల యాంటెన్నా) నేలకు తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఎత్తులో ఉంటే శక్తిలో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి పోతుంది. సగం వంతు ఎత్తుకు చేరిస్తే సుమారు 30 డిగ్రీల కోణంలో దూరాలకు పోతుంది.

40 మీటర్ల బ్యాండులో (బ్యాండు పేరు దాని తరంగదైర్ఘ్యమే), అంటే మన దగ్గర 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్‌లో, పావు వంతు అంటే 10 మీటర్ల చిల్లర. కొత్తవాళ్ళు ఇక్కడే నిరుత్సాహపడతారు: "నా తీగ 30 అడుగులే ఉంది, సిగ్నల్ అంతా ఆకాశంలోకి పోతోందట." పోనివ్వండి. పగటిపూట అలా పైకి పోయింది పొలంలో స్ప్రింక్లర్ నీళ్ళలా చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర పడుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ, కర్నూలు, విశాఖ అన్నీ ఆ చుట్టులోవే. మధ్యలో గుట్టలున్నా, లోయలున్నా తేడా ఉండదు. తెలుగువాళ్ళతో కబుర్లకు, తుఫాను సమయంలో పక్క జిల్లాకు కబురు అందించడానికి ఈ తక్కువ ఎత్తు తీగే సరైనది. దాన్ని కష్టపడి 70 అడుగులకు లేపితే దూరాలు బాగా అందుతాయి కానీ దగ్గరివాళ్ళకు వినిపించడం తగ్గుతుంది.

దూరదేశాల మీద మోజుంటే 20 మీటర్ల బ్యాండుకో, ఇంకా పై బ్యాండ్లకో వెళ్ళాలి. 14 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగదైర్ఘ్యం అంటే పదిన్నర మీటర్లే. ఇక్కడ మన ఇళ్ళ కట్టుబడి అక్కరకొస్తుంది. రెండంతస్తుల ఇంటి స్లాబు 22 అడుగుల దాకా ఉంటుంది. దాని మీద ఒక్క నిలువు జీఐ పైపు, అంటే 20 అడుగులు, నిలబెడితే మొత్తం 42 అడుగులు, దాదాపు 13 మీటర్లు. ఖండాలు దాటడానికి కావలసిన ఎత్తు వచ్చేసినట్టే. అమెరికన్ పుస్తకాలు, వీడియోలు చూసి టవర్ గురించి బెంగపడేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. అక్కడ పెంకులూ వాలూ ఉన్న చెక్క ఇల్లు, పక్కన పెరడు. యాంటెన్నా నేల మీంచి లేవాలి. ఇక్కడ సమతలంగా డాబా ఉంది. మనకు కొరత ఎత్తు కాదు, జాగా.

తీగ ఎంత, జాగా ఎంత

డైపోల్ పొడవుకు గుర్తుపెట్టుకోవలసిన అంకె 143. దాన్ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్లు, 14.2కి 10 మీటర్లు. కాస్త ఎక్కువ కత్తిరించుకుని, కొలుస్తూ కొసలు తగ్గించుకుంటూ రావాలి.

200 గజాల స్థలం 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉందనుకుందాం. 40 మీటర్ల డైపోల్ 66 అడుగులు. పొడవునా పట్టదు. మూల నుంచి మూలకు ఐమూలగా కొలిస్తే 61, 62 అడుగులు. ఇంకా కొంచెం చాలదు. ఇప్పుడు మధ్యలో పైపు నిలబెట్టి, తీగ నడిమిని పైన కట్టి, రెండు కొసలనూ దానికంటే 15 అడుగులు కిందికి వాల్చితే నేల మీద పడే కొలత 59 అడుగులకు తగ్గుతుంది. పట్టేసింది. దీన్నే ఇన్వర్టెడ్ వీ అంటారు. ఒకే పైపు, రెండు తాళ్ళు. రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీల కంటే తగ్గకూడదు, అంతే. మొదటి హెచ్‌ఎఫ్ యాంటెన్నా ఏది అని అడిగితే నేను కళ్ళు మూసుకుని దీని పేరే చెబుతాను.

ఒక జాగ్రత్త. డైపోల్ కొసల దగ్గర, ప్రసారం చేస్తున్నప్పుడు, వోల్టేజి బాగా ఎక్కువగా ఉంటుంది. తాకితే చర్మం కాలుతుంది. డాబా మీద బట్టలు ఆరేసేవాళ్ళు, వడియాలు పెట్టేవాళ్ళు, పిల్లలు తిరుగుతుంటారు. కొసలు ఎవరి చేతికీ అందని ఎత్తులో ఆగాలి. సన్న తీగ కంటికి ఆనదు కాబట్టి తాళ్ళకు రంగు గుడ్డ పీలికలు కట్టడం మంచిది. సంక్రాంతి రోజుల్లో తీగను దించుకుంటే మాంజాతో పేచీ ఉండదు. కోతులతో మాత్రం ఏ ఒప్పందమూ కుదరదు.

నడిమి పైపుకు వీలు లేనివాళ్ళకు ఎండ్ ఫెడ్ యాంటెన్నా ఉంది. 20 మీటర్ల తీగ ఒక కొస నుంచే ఫీడ్ అవుతుంది, మొదట్లో తీగను సెట్టుకు సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లు నాలుగూ పలుకుతాయి. నీళ్ళ ట్యాంకు నుంచి ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు దాకా లాగి వదిలేయొచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్ళకు మీటరు వ్యాసముండే మాగ్నెటిక్ లూప్ (వలయాకార యాంటెన్నా) మరో దారి. పనిచేస్తుంది, కానీ ట్యూనింగ్ చాలా సన్నం. ఫ్రీక్వెన్సీ కొంచెం జరిపితే చాలు, కెపాసిటర్ మళ్ళీ తిప్పాలి. గది లోపల యాంటెన్నా పెట్టి నెగ్గుకొద్దామనుకోవద్దు. మన కాంక్రీటు గోడల్లోని ఇనుప ఊచలు సిగ్నల్‌ను చాలావరకు మింగేస్తాయి.

ఇక ఒకే దిశలోకి సిగ్నల్ పంపే యాగీ. 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు రూపొందించిన ఈ యాంటెన్నా మనకు కొత్తదేం కాదు. దూరదర్శన్ రోజుల్లో పెంకుటిళ్ళ మీద పైపు తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని అరిపించింది ఇదే. మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ డైపోల్‌తో పోలిస్తే ముందు దిశలో సుమారు 5 డెసిబెల్స్ లాభం ఇస్తుంది. 50 వాట్ల సెట్టు ఆ దిశలో 150 వాట్ల బలంతో వినిపిస్తుందన్నమాట. వినడంలో కూడా లాభమే. వెనక నుంచి వచ్చే గోల తగ్గుతుంది. 20 మీటర్ల బ్యాండుకైతే ఒక్కో ఎలిమెంటు 10 మీటర్ల పొడవుంటుంది, తిప్పడానికి రొటేటర్ అనే మోటారు కావాలి. టవర్ మాట నిజంగా మొదలయ్యేది ఇక్కడి నుంచి.

కేబులు, ఎస్‌డబ్ల్యూఆర్, ఇంటి గోల

ఖరీదైన యాంటెన్నా కొని కేబుల్ దగ్గర పిసినారితనం చూపేవాళ్ళు చాలామంది. సన్నటి ఆర్‌జీ-58 కేబులు 30 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్‌లో సుమారు 6 డెసిబెల్స్ నష్టం. సెట్టు 5 వాట్లు ఇస్తే పైకి చేరేది ఒక వాటు చిల్లర. అదే కేబులు 7 మెగాహెర్ట్జ్‌లో పావు వంతు లోపే తింటుంది. కాబట్టి హెచ్‌ఎఫ్ తీగకు సన్న కేబులు తప్పేం కాదు. వీహెచ్‌ఎఫ్‌కు మాత్రం లావు కేబులు, అదీ వీలైనంత తక్కువ పొడవు. పది అడుగులు ఎత్తు పెంచడం కంటే మంచి కేబులు వేయడం చాలాసార్లు ఎక్కువ ఫలితమిస్తుంది. కేబుల్ టీవీ వాళ్ళు వాడే ఆర్‌జీ-6 కూడా డైపోల్‌కు పనికొస్తుంది. 75 ఓమ్‌ల కేబులు, డైపోల్ సహజ ఇంపీడెన్సు (ఏసీకి చూపే నిరోధం) కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. దాని అల్యూమినియం జాలీకి సోల్డరింగ్ అంటదు, బిగింపు కనెక్టర్లే గతి.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే కొలత) 1.0 రాలేదని టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. 1.5 ఉంటే వెనక్కి వచ్చేది 4 శాతం, 2 ఉంటే 11 శాతం. అవతలివాడి చెవికి ఈ తేడా తెలియదు. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (శక్తిని వేడిగా మార్చే రెసిస్టరు) పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ 1.0 చక్కగా చూపిస్తుంది, సిగ్నల్ మాత్రం ఇల్లు దాటదు. ఆ మీటరు యాంటెన్నా ఎంత బాగా ప్రసరిస్తోందో చెప్పదు. సెట్టుకు అది ఎంతవరకు సరిపడిందో మాత్రమే చెబుతుంది. చేతిలో ఇమిడే నానోవీఎన్‌ఏ అనే కొలత పరికరం ఒకటి ఉంటే ఏ ఫ్రీక్వెన్సీలో తీగ పలుకుతోందో తెర మీద కనిపిస్తుంది, కత్తిరింపులో ఊహాగానాలు తగ్గుతాయి.

నగరాల్లో అసలు శత్రువు ఎత్తు తక్కువ కావడం కాదు, రేడియో గోల (అక్కర్లేని సిగ్నళ్ళు). ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు, పైకప్పు సోలార్ పరికరాలు, లిఫ్టు కంట్రోళ్ళు, అన్నీ హెచ్‌ఎఫ్‌లో బుసలు కొడుతుంటాయి. సెట్టును బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆపి వినండి. గోల తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్చీ వేస్తూ పట్టుకోవచ్చు. తగ్గకపోతే యాంటెన్నాను కరెంటు వైర్లకు దూరంగా జరపాలి. కేబుల్ పై తొడుగు వెంట గోల లోపలికి రాకుండా ఫెరైట్ రింగుకు కేబులును పదిసార్లు చుట్టి చోక్ వేసుకోవాలి.

పైపు, గాలి, టవర్

ఇంటి మీద పైపు నిలబెట్టేటప్పుడు చాలామంది బరువు గురించి ఆలోచిస్తారు. ఆలోచించాల్సింది గాలి గురించి. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది: వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలు. మన కట్టడాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖకూ 50 మీటర్ల గాలి వేగం లెక్కలోకి తీసుకోమంటుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి ఆ స్థాయిలోనే వీచింది. అంత గాలిలో చదరపు మీటరుకు పడే ఒత్తిడి 1500 న్యూటన్లు. అర చదరపు మీటరు అడ్డుపడే చిన్న యాగీ మీద 75 కిలోల పైచిలుకు బరువు అడ్డంగా తోస్తున్నట్టు. ఆ తోపు 6 మీటర్ల పైపు కొసన ఉంటే మొదట్లో పడే వంచే బలం (బెండింగ్ మూమెంట్) 450 కిలోగ్రామ్-మీటర్ల పైనే. పైపు మీద పడే గాలి ఇంకా కలపలేదు. ఏ పిట్టగోడా దీన్ని ఆపలేదు. తీగ యాంటెన్నాలకు ఈ బాధ దాదాపు లేదు, అందుకే వాటికి ఓటు.

నాలుగంగుళాల ఇటుక పిట్టగోడకు క్లాంపు వేసి పైపు బిగించడం మన ఊళ్ళలో మామూలుగా చూసే పని. డిష్ యాంటెన్నాకు సరే. 20 అడుగుల పైపుకు కాదు. గోడతో సహా కింద పడుతుంది. పట్టు పిల్లర్‌కో, బీమ్‌కో ఉండాలి. రేపు పై అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లర్ ఊచలు చాలా ఇళ్ళ మీద తుప్పు పడుతూ ఉంటాయి. వాటి చుట్టూ రెండడుగుల కాంక్రీటు దిమ్మ పోయించి, పైన బోల్టులు బిగించుకునేలా ప్లేటు పెట్టిస్తే పైపుకు చక్కటి కుదురు దొరుకుతుంది, ఊచలకు తుప్పూ తగ్గుతుంది. స్లాబుకు మాత్రం రంధ్రాలు వేయించకండి. యాంటెన్నా బాగా పనిచేసినా వానాకాలంలో కింది గదిలో కారే నీళ్ళకు మీరు జవాబు చెప్పుకోవాలి.

పైపుకు మూడు వైపులా, 120 డిగ్రీల ఎడంతో, గై తాళ్ళు కట్టాలి. తాడు కట్టిన చోటు ఎంత ఎత్తుందో, లంగరు కనీసం అందులో సగం దూరంలో ఉండాలి. ఇంకా ఎడంగా ఉంటే ఇంకా మంచిది. ఇనుప తీగ వాడితే మధ్యమధ్య పింగాణీ ఇన్సులేటర్లతో ముక్కలు చేయాలి, లేకపోతే అదీ యాంటెన్నాలా ప్రవర్తించి అసలుదాన్ని చెడగొడుతుంది. పాలియెస్టర్ తాడైతే ఆ తంటా లేదు. నైలాన్ సాగుతుంది, చవక ప్లాస్టిక్ తాళ్ళు మన ఎండకు పిండి పిండి అవుతాయి. హైదరాబాద్‌లో పైపులు, క్లాంపులు, టర్న్‌బకిల్స్ (తాళ్ళు బిగించే మరలు) రాణిగంజ్‌లో, కేబుల్, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కోవచ్చు.

ఇంతా చూశాక కూడా తిరిగే యాగీ కావాలి, ఊళ్ళో జాగా ఉంది అంటే టవర్ గురించి ఆలోచించండి. నా సలహా మడత టవర్: మధ్యలోనో మొదట్లోనో కీలు ఉండి, వించీతో నేలకు వంచగలిగేది. టవర్ ఎక్కడం మొదటి రోజు సరదాగానే ఉంటుంది. పదేళ్ళ తర్వాత, వాన వచ్చే ముందు, కనెక్టరులో నీళ్ళు దిగినప్పుడు సరదాగా ఉండదు. స్థానిక వెల్డింగ్ షాపులో యాంగిల్ ఇనుముతో చేయించుకుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో డిజైన్ చూపించాలి, తర్వాత గాల్వనైజింగ్ చేయించాలి. పునాది కాంక్రీటు 28 రోజులకు గానీ పూర్తి బలానికి రాదు. ఎక్కక తప్పని టవర్ అయితే శరీరానికి బిగించే హార్నెస్ లేకుండా, కింద మనిషి లేకుండా ఎవరూ ఎక్కకూడదు.

కరెంటు తీగలు, పిడుగులు, ఉప్పు గాలి

మన వీధుల్లో ఇంటి పక్కనే 11 కేవీ లైను పోతుంటుంది. ఇనుప పైపు నిలబెడుతుండగా చెయ్యి జారి అది లైను మీద పడి ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. పైపూ యాంటెన్నా కలిపి ఎంత ఎత్తో, ఏ వైపు పడినా లైనుకు ఇంకా పదడుగులు ఎడం మిగలాలి. తీగను లైను పైనుంచీ కిందినుంచీ ఎప్పుడూ లాగకూడదు. ఇందులో సర్దుబాటు లేదు. జాగా చాలకపోతే ఆ యాంటెన్నా ఆలోచన మానుకోవాలి.

పిడుగు నేరుగా పడితే ఇంటి స్థాయిలో పెట్టే ఏ పరికరమూ పూర్తి హామీ ఇవ్వదు. ఎక్కువసార్లు సెట్టును కాల్చేది దగ్గర్లో పడిన పిడుగు కేబుల్లో రేపే వోల్టేజి. పైపుకు, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట పెట్టే అరెస్టర్‌కు (పిడుగు వోల్టేజిని నేలకు మళ్ళించే పరికరానికి) వంపులు లేని మందపాటి రాగి తీగతో ఎర్తు ఇవ్వాలి. ఆ ఎర్తును ఇంటి కరెంటు ఎర్తుతో కలపాలి. విడివిడిగా వదిలేస్తే రెండింటి మధ్య తేడా వోల్టేజి మీ సెట్టు గుండానే దారి చూసుకుంటుంది. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతకు వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. మే, జూన్‌లలో ఉరుము వినిపించక ముందే కేబులు ఊడదీసి ఇంటి బయటే వదిలేయడం అన్నిటికంటే చవకైన రక్షణ. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో అసలు మెయింటెనెన్స్ అంతా ఉప్పుతోనే. అల్యూమినియం ఎలిమెంటుకు రాగి తీగ నేరుగా తగిలితే ఆ అతుకు త్వరగా తినేసుకుపోతుంది, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు పెట్టాలి. మనం వాడే పీఎల్-259 కనెక్టరు నీటికి తట్టుకునేది కాదు. దానికది అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, పైన మామూలు టేపు వేయాలి.

కాగితాలు, పక్కింటివాళ్ళు

లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. హెచ్‌ఎఫ్‌లో రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు 50 వాట్లు, జనరల్ గ్రేడుకు 400 వాట్లు గరిష్ఠ శక్తి. ఎత్తు విషయంలో విమానాశ్రయాల చుట్టూ ఆంక్షలుంటాయి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ పరిసరాల్లో ఉన్నవాళ్ళు పొడవాటి మాస్ట్ వేసే ముందు అనుమతి సంగతి చూసుకోవాలి. అపార్ట్‌మెంట్ పైకప్పు అందరి ఆస్తి, అసోసియేషన్ నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కమిటీ మారితే నోటిమాట నిలబడదు. "రేడియేషన్" ప్రశ్న తప్పక వస్తుంది. 50 వాట్లతో అప్పుడప్పుడు, తలకంటే చాలా ఎత్తులో ఉన్న తీగ నుంచి మాట్లాడతామని చెప్పి, సెట్టు చూపించి, ఒకసారి వినిపిస్తే సగం అనుమానాలు తీరతాయి. కంటికి ఆనని సన్నటి తీగతో పని కానిస్తే అసలు ప్రశ్నే రాదు, అది వేరే సంగతి.

అమెరికాలో ఉండి హ్యామ్ లైసెన్సు తీసుకున్న తెలుగువాళ్ళ గోడు ఇంకోలా ఉంటుంది. 1985లో ఎఫ్‌సీసీ (అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) ఇచ్చిన పీఆర్‌బీ-1 ఉత్తర్వు ప్రకారం నగరపాలక సంస్థలు హ్యామ్ యాంటెన్నాలకు సమంజసంగా చోటివ్వాలి. కానీ ఆ ఉత్తర్వు హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పందాలకు వర్తించదు. అక్కడ చెక్క ఇళ్ళు కాబట్టి అటకలో తీగ పరిస్తే పనిచేస్తుంది. జెండా కర్ర రూపంలో ఉండే నిలువు యాంటెన్నాలూ దొరుకుతాయి.

టవర్ ఉన్నవాళ్ళు కూడా ఒక తీగ యాంటెన్నా విడిగా దాచుకోవాలి, ఆపదలో అదే అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లోని ఎన్‌ఐఏఆర్ (జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ) తరఫున అండమాన్ వెళ్ళిన భారతి ప్రసాద్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ, 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. అక్కడ నెలకొల్పిన తాత్కాలిక స్టేషన్ నుంచి కబుర్లు దేశానికి చేరాయి. పెనుగాలికి ముందు పోయేది ఎత్తులో ఉన్న ఖరీదైన యాగీయే. 40 మీటర్లకు కత్తిరించిన డైపోల్, బాలున్ (తీగకూ కేబులుకూ మధ్య పెట్టేది), 20 మీటర్ల కేబులు, రెండు తాళ్ళు, ఒక సంచిలో పడతాయి. గాలి తగ్గాక అరగంటలో ఏ స్తంభానికో, చెట్టుకో కట్టి మాట్లాడటం మొదలుపెట్టొచ్చు. బ్యాటరీ చార్జింగ్‌లో ఉందో లేదో మాత్రం తుఫానుల అక్టోబర్ రాకముందే చూసుకోండి.